ఆరోగ్యశ్రీలో నాన్నకు బైపాస్ అయింది: మాకు జరిగింది జరిగినట్టు

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆపరేషన్‌కి, ఆ తర్వాత వార్డులో చూసుకున్న తీరుకి అయితే అయిదుకి అయిదు. ఆపరేషన్ దాకా చేరడానికి పట్టిన 38 రోజులకు మాత్రం ఒకటి కూడా ఇవ్వబుద్ధి కావట్లేదు. ఒకే పథకం, ఒకే ఆస్పత్రి, ఒకే మనిషి, అయినా ఇంత తేడా ఎందుకొచ్చిందో వివరంగా రాస్తున్నాను. ఆ రోజుల్లో నేను ఫోన్‌లో ఎంత వెతికినా కార్డుకి ఎలా అప్లై చేయాలి, ఏ జబ్బులు వస్తాయి అన్నవే దొరికాయి కానీ, నిజంగా కార్డు పట్టుకుని తిరిగినవాళ్లు రాసింది ఒక్కటీ కనపడలేదు.

మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. నాన్నకు 61. రెండెకరాల వరి. 2025 ఆగస్టు చివర్లో ఒకరోజు పొద్దున్నే మోటర్ వేయడానికి పోయి గట్టు మీదే కూర్చుండిపోయాడు. చెమటలు, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. అమ్మ గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చింది. మధ్యాహ్నానికి మళ్లీ వచ్చేసరికి భయమేసి టౌన్‌లో దగ్గరున్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం. ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు, తెల్లారి ఆగస్టు 29న యాంజియోగ్రామ్. మూడు రక్తనాళాల్లో బ్లాకులు, స్టెంట్లు కుదరవు, బైపాసే చేయాలి అన్నారు. అక్కడ అన్నీ కలిపి 19 వేలు అయింది. అందులో 15 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి.

ఇక్కడ ఒక మాట. ఈ 19 వేలలో చాలా భాగం మేం కట్టాల్సిన పని లేదని నాకు తర్వాత తెలిసింది. పథకంలో ఉన్న జబ్బు అనుమానంతో నెట్‌వర్క్ ఆస్పత్రికి, అంటే పథకం కింద వైద్యం చేసే ఆస్పత్రికి వెళ్తే, చివరికి ఆపరేషన్ అవసరం పడకపోయినా సరే, ఓపీలో చూసి పరీక్షలు చేయడం ఉచితంగానే జరగాలని నిబంధనల్లో ఉంది. కానీ ఆ మాట మనకు చెప్పేవాళ్లు ఉండరు, గుండె నొప్పితో ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని నిబంధనలు అడిగే ధైర్యమూ ఉండదు. అందుకే, ఎవరికైనా ఇలాంటిది వస్తే, మనిషి నిలకడగా ఉన్నాడనుకుంటే, బిల్లు కౌంటర్ కంటే ముందు, ఆస్పత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడుందో అడగండి. ఒక్క పరీక్షకు డబ్బు కట్టకముందే అడగండి.

హైదరాబాద్‌లో మాకు తెలిసినవాళ్లు చెప్పిన ఒక నెట్‌వర్క్ ఆస్పత్రికి వెళ్లాం, పేరు రాయను. డబ్బులు కట్టి చేయించుకుంటే ఎంతవుతుందని అడిగితే 3 లక్షల 20 వేలు, ఐసీయూలో రోజులు పెరిగితే ఇంకా ఎక్కువ అన్నారు. నాన్న పక్కనే నిలబడి విన్నాడు. బయటికి వచ్చాక "అరెకరం అమ్మినా సరిపోదు, ఇంటికి పోదాం పా బిడ్డా" అన్నాడు. అందుకే ఈ పథకాన్ని ఎవరైనా దండగ అంటే నాకు కోపం వస్తుంది. కార్డు లేకపోతే మా నాన్న ఇంటికే వచ్చేవాడు.

పథకం 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో మొదలైంది, ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, తర్వాత రాష్ట్రమంతా. అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ అంటే ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగి లెటర్ రాయించుకుని ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడమే. మా పెదనాన్న అట్లా తిరిగినవాడే, డబ్బు మంజూరయ్యేసరికి ఆయన లేడు. కాబట్టి ఎవరి దయా లేకుండా, రేషన్ కార్డు చూపించి ప్రైవేటు ఆస్పత్రిలో బెడ్ అడిగే హక్కు రావడం ఎంత పెద్ద విషయమో మా ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

మాకు దొరికిన ఆరోగ్యమిత్ర అమ్మాయి చాలా ఓపిగ్గా ఉంది. ఆమె ముందున్న టేబుల్ మీద ఒక కంప్యూటర్, పక్కన జిరాక్సుల కట్ట, ఎదురుగా ఎప్పుడు చూసినా పదిహేను మంది. నాన్న ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది, రేషన్ కార్డులో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంది, దానికితోడు పేరులో ఒక అక్షరం తేడా. ఆమె రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో అక్షరం చూసుకుంటూ పోయి, "అన్నా, ఇది ఇట్లనే పంపిస్తే క్వెరీ పడుతది, రెండు కార్డుల్లో ఉన్నది ఒకే మనిషి అని కాగితం తెచ్చుకో" అంది. ఆ కాగితం కోసం మళ్లీ ఊరికి, మండల ఆఫీసుకి, రెండు రోజులు. ఆమె ఆ మాట ముందే చెప్పకపోతే వారం పోయేది. మీ ఇంట్లో అందరి కార్డులూ ఇవాళే తీసి పేర్లు సరిపోతున్నాయో లేదో చూసుకోండి, కొత్త కోడళ్లు, పిల్లల పేర్లు రేషన్ కార్డులో ఎక్కాయో లేదో కూడా. జబ్బు వచ్చాక ఈ పని చేసుకోవడం నరకం.

క్వెరీ అంటే ఏంటో చెప్తాను, ఎందుకంటే అక్కడ అందరి నోటా అదే మాట. ఆస్పత్రి వాళ్లు రోగి ఫొటో, రిపోర్టులు, యాంజియోగ్రామ్ అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించి అనుమతి అడుగుతారు. దాన్ని ప్రీ ఆథ్ అంటారు. పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు డాక్టర్లు అవి చూసి ఓకే అంటే అప్రూవల్, ఏదైనా సరిగ్గా లేదనుకుంటే తిప్పి పంపుతారు, అదే క్వెరీ. ఇది ఉండటం తప్పని నేను అనను. అవసరం లేని ఆపరేషన్లు చేసి డబ్బు గుంజే ఆస్పత్రులు ఉన్నాయని అందరికీ తెలుసు, గర్భసంచి ఆపరేషన్ల విషయంలో అలా జరిగాకే వాటిని ప్రభుత్వ ఆస్పత్రులకు పరిమితం చేశారు. ఎవరో ఒకరు చూడాల్సిందే. కానీ మా కేసులో పడిన క్వెరీ యాంజియోగ్రామ్ ఫైలు తెరుచుకోవడం లేదని. సీడీ మళ్లీ తెచ్చివ్వడానికి నేను టౌన్‌కి పోయి రావాల్సి వచ్చింది. సెప్టెంబర్ 9న అప్రూవల్ వచ్చింది. ఆపరేషన్ 18న పెట్టుకుందాం, 17 సాయంత్రం అడ్మిట్ అవ్వండి, రక్తం ఇచ్చేవాళ్లను ముగ్గురిని తెచ్చుకోండి అన్నారు.

17న మేం ఆరుగురం పోయాం. నాన్న, అమ్మ, నేను, రక్తం ఇవ్వడానికి ఊరి నుంచి ముగ్గురు పిల్లలు. కౌంటర్ అద్దానికి లోపలి వైపు నుంచి ఒక తెల్ల కాగితం అంటించి ఉంది, నాలుగు మూలలా టేపు, కంప్యూటర్‌లో కొట్టిన రెండు లైన్లు, ఆరోగ్యశ్రీ సేవలు తాత్కాలికంగా నిలిపివేయబడినవి అని. అమ్మకు చదువు రాదు. "ఏం రాసిన్రు?" అని అడిగింది. నేను వెంటనే చెప్పలేకపోయాను.

సెప్టెంబర్ మధ్యలో తెలంగాణ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన సంగతి పేపర్లలో వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం తమకు కట్టాల్సిన బకాయిలు వెయ్యి కోట్లు దాటాయని ఆస్పత్రుల సంఘం చెప్పింది. అదే ఏడాది జనవరిలో కూడా ఆపారు. అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే కారణంతో ఎన్టీఆర్ వైద్యసేవ (అక్కడ ఆరోగ్యశ్రీకి ఉన్న పేరు) ఆగింది. అంటే ఇది ఒక ప్రభుత్వానిదో ఒక పార్టీదో కాదు, రెండు రాష్ట్రాల్లోనూ ఎవరున్నా ఇదే జరుగుతోంది.

లోపల బిల్లింగ్ దగ్గర ఒకతను పక్కకు పిలిచి, లక్షన్నర డిపాజిట్ కడితే రేపటి డేట్ అలాగే ఉంచుతాం, తర్వాత కార్డు కింద వస్తే సర్దుతాం అన్నాడు. సర్దుతారని రాసివ్వమంటే ఇవ్వనన్నాడు. మేం కట్టలేదు, కట్టే స్తోమత లేదు కాబట్టి కట్టలేదు. బెడ్ అయితే ఉంది, డాక్టర్ ఉన్నాడు, థియేటర్ ఉంది, అప్రూవల్ కాగితం మా చేతిలో ఉంది. లేనిది ట్రస్టు నుంచి ఆస్పత్రికి రావాల్సిన డబ్బు, అది కూడా మా నాన్నది కాదు, ఎన్నో నెలల కింద ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లిపోయిన వేరేవాళ్లది. వాళ్ల బిల్లు కోసం మా నాన్న ఆగాలి.

నాకు అర్థమైనంత వరకు అసలు సమస్య మొత్తం ఇక్కడే ఉంది. 2007లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల వరకు ఉన్న పరిమితి, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు అయింది. అదే నెలలో ఆంధ్రలో 25 లక్షలు చేశారు. వినడానికి బాగుంటుంది, ఫ్లెక్సీల మీద కూడా అదే అంకె. కానీ బైపాస్‌కి 10 లక్షలు కావు, స్టెంట్‌కి కావు, మామూలు పేషెంట్‌కి పాత పరిమితిలోనే చాలావరకు అయిపోతుంది. మనకు కావాల్సింది పరిమితి ఎంతనేది కాదు, డిశ్చార్జ్ అయిన ఎన్ని రోజులకు ఆస్పత్రికి డబ్బు చేరుతోందనేది. అది ఒక నెలలో చేరితే జిల్లా కేంద్రంలో ఉన్న చిన్న ఆస్పత్రి కూడా కార్డు పేషెంట్‌ని సంతోషంగా తీసుకుంటుంది. ఎనిమిది నెలలకు చేరితే, ఆ చిన్న ఆస్పత్రి నర్సులకు జీతాలు అప్పు తెచ్చి ఇవ్వాలి, పెద్ద ఆస్పత్రేమో కార్డు పేషెంట్లకు ఇన్ని బెడ్లే అని ఒక లెక్క పెట్టుకుంటుంది. కార్డు చూపిస్తే "బెడ్లు ఖాళీ లేవు, వచ్చే వారం రండి" అనే మాట వెనక ఉన్నది ఇదే. బడ్జెట్‌లో పథకానికి ఎన్ని కోట్లు రాశారో ప్రతి ఏడాదీ చెప్తారు, ఏ నెలలో ఎంత విడుదల చేశారో, ఇంకా ఎన్ని క్లెయిములు ఆగాయో కూడా అట్లాగే ప్రతి నెలా బయటపెట్టాలి. ప్రభుత్వ ఉద్యోగి జీతం ఒకటో తారీఖు పడాలని ఎట్లా అనుకుంటామో, ఆపరేషన్ డబ్బు కూడా అట్లా పడాలి.

ప్యాకేజీ రేట్ల విషయం కూడా ఉంది, అంటే ఒక్కో చికిత్సకు పథకం ఆస్పత్రికి ఇచ్చే మొత్తం. తెలంగాణలో చాలా ఏళ్లు పాత రేట్లే నడిచి 2024లో పెంచారు, కొత్త చికిత్సలు కూడా కొన్ని చేర్చారు. అది మంచి పని. రేటు పెంచి డబ్బు ఆలస్యం చేస్తే మాత్రం రోగికి ఏమీ మారదు.

ఆస్పత్రులది తప్పు లేదా అంటే ఉంది. బకాయిలు ప్రభుత్వానివి అయినప్పుడు మెలి పెట్టాల్సింది ప్రభుత్వాన్ని, తారీఖు ఇచ్చిన గుండె పేషెంట్‌ని కాదు. కనీసం అప్రూవల్ వచ్చి డేట్ పడినవాళ్లకు చేసి, కొత్త కేసులు ఆపి ఉంటే నేను వాళ్ల పక్షానే మాట్లాడేవాణ్ని.

సేవలు కొద్ది రోజులకే మళ్లీ మొదలయ్యాయి, ప్రభుత్వంతో మాటలయ్యాక. కానీ ఆగిన రోజులు నాలుగైదే అయినా వెనకబడింది మాత్రం దాదాపు మూడు వారాలు. ఆగినవాళ్లందరూ ఒకేసారి వచ్చారు, థియేటర్ ఒకటే, సర్జన్లు ఇద్దరే. మాకు కొత్త డేట్ అక్టోబర్ 6.

ఆ మధ్యలో గడిచిన రోజులు ఎలా ఉన్నాయో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ బిళ్లలు ఇచ్చారు. అమ్మ ఆ స్ట్రిప్ కొంగుకు ముడేసుకుని తిరిగేది, బావి దగ్గరికి పోయినా, పొయ్యి దగ్గర ఉన్నా. రాత్రి నాన్న అటు తిరిగి పడుకుంటే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆ ఏడాది వాడకట్టులో ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడుతుంటే మా అమ్మ గడప దాటలేదు. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున నొప్పి వచ్చింది, ఒక బిళ్లకు తగ్గలేదు, రెండోది పెట్టాక తగ్గింది. నాన్న మాత్రం ప్రతి సాయంత్రం ఒకటే అడిగేవాడు, "పొలానికి నీళ్లు పెట్టినవా?" అని.

వెయిటింగ్ అంటే ఏ ఆఫీసులోనో కూర్చుని టోకెన్ నంబర్ కోసం చూడటం కాదు. ఇది.

ప్రభుత్వ ఆస్పత్రికి పోవచ్చు కదా అని కొందరు అన్నారు. నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో గుండె ఆపరేషన్లు చేస్తారు, బాగా చేస్తారు, అక్కడి సర్జన్ల చేతి అనుభవం ఇంకెక్కడా దొరకదు. కానీ మొత్తం రాష్ట్రం నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం అక్కడికే వస్తారు. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చి, ఆ భవనాన్నే మూసేశారు. గోషామహల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. నాలుగున్నర ఏళ్లు. ఆ నాలుగున్నర ఏళ్లూ రోగులు తగ్గలేదు, మిగిలిన బ్లాకుల్లోనే సర్దుకున్నారు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో రెండున్నర శాతానికి చేరుస్తామని రాసుకున్నారు. ఆ ఏడాదే మేం ఆ తెల్ల కాగితం ముందు నిలబడ్డాం. జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చిందని అంటున్నారు, మంచిదే, కానీ వాటిలో గుండె ఆపరేషన్ చేసే థియేటర్, టీమ్ వచ్చినప్పుడే మాలాంటి వాళ్లకు హైదరాబాద్ బస్సు ఎక్కే పని తప్పుతుంది.

ఇక ఆపరేషన్. అక్టోబర్ 5న అడ్మిట్ చేసుకున్నారు, తెల్లారి ఏడున్నరకు లోపలికి తీసుకుపోతే మధ్యాహ్నం రెండు దాటాక సర్జన్ బయటికి వచ్చి, చేతికి ఇంకా గ్లవ్స్ పొడి ఉంది, "బాగా జరిగింది, టెన్షన్ పడకండి" అన్నాడు. ఐసీయూలో మూడు రోజులు, వార్డులో అయిదు రోజులు. డబ్బు కట్టినవాళ్ల వార్డు వేరే అంతస్తులో ఉంది, అక్కడ ఏసీ, గదికి ఒక్కరే. మాది ఎనిమిది మంచాల వార్డు, ఫ్యాన్లు. కానీ చేసిన సర్జన్ ఒక్కరే, ఐసీయూ ఒక్కటే, మందులు కూడా అవే, నేను పక్కవాళ్ల చీటీతో పోల్చి చూశాను. నాన్నకు రెండు పూటలా భోజనం వాళ్లే పెట్టారు. రాత్రి డ్యూటీ నర్సు ఒకామె నాన్నకు దగ్గు వచ్చినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి దిండు ఛాతీకి అదిమి పట్టుకుని దగ్గమని నేర్పించింది. ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

వార్డు బయట వరండాలో దుప్పటి పరుచుకుని పడుకునే అటెండెంట్ల మధ్య డయాలసిస్ పేషెంట్ ఒకాయన పరిచయమయ్యాడు. వారానికి మూడుసార్లు, నాలుగేళ్లుగా, అంతా కార్డు మీదే. సేవలు ఆపుతారని టీవీలో స్క్రోలింగ్ వచ్చినప్పుడల్లా నీళ్లు తాగడం ఇంకా తగ్గించేస్తాడట, ఎందుకంటే ఒక్కసారి మిషన్ తప్పినా ఒంట్లో నీరు చేరుతుంది కదా. బైపాస్ వాయిదా పడితే మాకు మూడు వారాలు, ఆయనకు మూడు రోజులు కూడా లేవు.

డిశ్చార్జ్ రోజు పది రోజులకు మందులు, దారి ఖర్చులు ఇచ్చారు, ఇవి కూడా పథకంలో భాగమే, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. బైపాస్ లాంటి వాటికి ఏడాది పాటు చెకప్‌లు, మందులు కూడా ఉంటాయి, ఇది చాలామందికి తెలియక బయట మెడికల్ షాపులో కొనుక్కుంటున్నారు. ఎవరైనా లోపల డబ్బు అడిగితే 104కి ఫోన్ చేయండి. లక్షన్నర అడిగిన రోజు నేను చేయలేదు, ఎవరికి చేయాలో తెలియలేదు. చేయాల్సింది.

మొత్తం మా చేతి నుంచి పోయింది 31 వేలు, మొదటి 19 వేలు, మిగిలింది ప్రయాణాలు, తిండి, జిరాక్సులు. అప్పు ఇంకా తీరలేదు, వడ్లు అమ్మాక తీరుస్తాం.

నాన్న ఇప్పుడు పొద్దున సాయంత్రం చెరువు కట్ట దాకా నడిచి వస్తున్నాడు. మొదటి చెకప్‌కి నవంబర్‌లో తీసుకుపోయాను. కౌంటర్ అద్దం మీద ఆ కాగితం తీసేశారు కానీ నాలుగు మూలలా టేపు ముక్కలు అట్లనే ఉన్నాయి. తర్వాతి చెకప్ జనవరిలో. కాగితాల విషయంలో ఎవరికైనా ఏదైనా అడగాలనిపిస్తే అడగండి, రాత్రి ఎనిమిది తర్వాత తప్పకుండా జవాబిస్తాను.